రెగ్యులేటర్ పని బలం పెంచడం కాదు

సంపాదక మహాశయులకు,

నమస్కారం. ఎయిర్ రైఫిళ్ల నిర్వహణ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఈ క్రీడలో వాడే పరికరాల గురించి తెలుగులో రాసేవారు అరుదు కనుక ముందుగా ధన్యవాదాలు. అయితే అందులో, తుపాకీలో గాలి పీడనాన్ని ఒకేలా నిలిపి ఉంచే రెగ్యులేటర్ అనే చిన్న భాగం గురించి, ‘పాత రెగ్యులేటర్ తీసేసి కొత్తది బిగిస్తే తుపాకీ బలం పెరుగుతుంది’ అన్న వాక్యం ఒకటి ఉంది. పదిహేనేళ్లుగా నా రైఫిల్‌ను నేనే విప్పి బిగించుకుంటున్నవాడిని కనుక ఆ మాట దగ్గర ఆగిపోయాను. దాన్ని నమ్మి ఎవరైనా పనిముట్లు చేతపడితే డబ్బు దండగ కావడమే కాక, ఉన్న గురి కూడా చెడుతుంది.

కాల్చడానికి ముందే గాలి నింపి పెట్టుకునే రైఫిల్లో సిలిండర్‌ను సాధారణంగా 200 బార్ల దాకా, కొన్నింటిలో 300 దాకా నింపుతారు (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనమంత). కాల్చినకొద్దీ ఆ పీడనం దిగుతుంది. రెగ్యులేటర్ లేకపోతే ఆ మార్పంతా పెల్లెట్ (ఈ తుపాకీలో వాడే చిన్న గుండు) వేగంలో కనిపిస్తుంది, అదీ చాలామంది అనుకున్నట్టు మొదట ఎక్కువ, చివర తక్కువ అన్న పద్ధతిలో కాదు. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు లోపలి గాలి, పెల్లెట్ వెనక్కి గాలిని వదిలే వాల్వును గట్టిగా మూసి పట్టుకుంటుంది కాబట్టి, ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు తోసే హ్యామర్ దెబ్బకు ఆ వాల్వు రెప్పపాటు కన్నా తక్కువ సేపే తెరుచుకుని, వేగం తగ్గుతుంది. పీడనం కొంత దిగాక వేగం పెరిగి ఒక శిఖరానికి చేరుతుంది. ఆ తరువాత మళ్లీ జారిపోతుంది. ఈ చిక్కు ఇప్పటిది కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం చేపట్టిన జిరాండోని గాలి తుపాకీలో కూడా, భుజానికి ఆనించే మడమ భాగంలోని గాలి బుడ్డి ఖాళీ అయ్యేకొద్దీ గుండు జోరు తగ్గిపోయేది. అందుకే సైనికులు అదనపు బుడ్డీలు వెంట మోసుకెళ్లేవారు.

రెగ్యులేటర్ ఉండేది సిలిండర్‌కూ వాల్వుకూ మధ్య. విప్పి చూస్తే అందులో పెద్ద యంత్రాంగమేమీ ఉండదు: నడిమిగుండా సన్నని రంధ్రం ఉన్న చిన్న పిస్టన్, దాని కాడ చుట్టూ గిన్నెల్లా వంగిన ఉక్కు వాషర్ల దొంతర, కాడ కొస ఆనుకునే ఒక సీటు, గాలి కారకుండా ఆపే రెండు మూడు ఓ-రింగులు (రబ్బరు వలయాలు). ఆ వాషర్లకు 1867లో పేటెంటు తీసుకున్న ఫ్రెంచివాడు జూలియన్ బెల్‌విల్ పేరే నేటికీ నిలిచింది. వాషర్లు పిస్టన్‌ను తెరిచి ఉంచాలని చూస్తాయి. గాలి అవతల, వాల్వుకు ముందున్న గదిలోకి చేరి, పిస్టన్ వెడల్పు ముఖాన్ని నొక్కి, వాషర్లను అణచి, కాడ కొసను సీటుకు ఆనించేసరికి దారి మూసుకుంటుంది. వెనక సిలిండర్లో 200 బార్లున్నా 100 ఉన్నా, ముందు గదిలో మాత్రం మనం పెట్టుకున్న 75 బార్లే ఉంటాయి. 200ను 75కు దించే పరికరం కొత్తగా బలాన్ని ఎక్కడినుంచి తెస్తుంది?

పీడనం అంకెను పెంచి పెడితే వేగం పెరగదా అని అడగవచ్చు. హ్యామర్ స్ప్రింగును తాకకుండా ఆ అంకె ఒక్కటే పెంచితే చాలాసార్లు వేగం తగ్గుతుంది. పైన చెప్పిన నిండు సిలిండర్ చిక్కే మళ్లీ ఎదురవుతుంది. స్ప్రింగును కూడా బిగించి వేగం రాబట్టినా, దానికి మూల్యం గాలి రూపంలో చెల్లించాలి. 200 ఘనసెంటీమీటర్ల సిలిండర్‌ను 200 బార్లకు నింపి, రెగ్యులేటర్‌ను 75 దగ్గర పెడితే వాడుకోగలిగిన గాలి, మామూలు వాతావరణ పీడనంలో కొలిస్తే, దాదాపు 25 లీటర్లు. 100 దగ్గర పెడితే 20 లీటర్లే. అంటే షాటుకు ఎంత గాలి పోతుందన్నది లెక్కలోకి రాకముందే అయిదో వంతు ఎగిరిపోయినట్టు.

మరి మంచి రెగ్యులేటర్ అక్కర్లేదా? అక్కరే, కాని ప్రతి షాటూ ఒకేలా పడటం కోసం. పది మీటర్ల పోటీలో సెకనుకు 170 మీటర్ల వేగంతో బయల్దేరిన పెల్లెట్ లక్ష్యాన్ని చేరేలోగా సుమారు 18 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. వేగంలో ఒక్క శాతం తేడా వస్తే ఆ జారుడు మూడో వంతు మిల్లీమీటరు మారుతుంది. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దశాంశాల్లో లెక్కించేటప్పుడు పావు మిల్లీమీటరుకు 0.1 పాయింటు. అరవై షాట్ల పోటీలో ఇది చిన్న విషయం కాదు, అలాగని చేయి వణుకు కన్నా పెద్దదీ కాదు. యాభై మీటర్ల దూరంలో మాత్రం కథ మారుతుంది: సెకనుకు 270 మీటర్ల తుపాకీలో అదే ఒక్క శాతం తేడా దాదాపు నాలుగు మిల్లీమీటర్లుగా బయటపడుతుంది. దూరానికి కాల్చేవారికి రెగ్యులేటర్ మీద అంత మక్కువ ఉండటానికి కారణం ఇదే.

నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. ఒకప్పుడు నా రైఫిల్లో రోజూ మొదటి షాట్ లక్ష్యం కిందిభాగంలో తగిలేది, తరువాతివి సరిగ్గా మధ్యలోకి వచ్చేవి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు పెట్టి చూస్తే మొదటిది సెకనుకు 165 మీటర్లు, ఆ వెనుకవి 171, 171, 170. రెగ్యులేటర్ అరిగిపోయిందని తీర్మానించుకుని కొత్తది తెప్పించాను. అది చేతికి వచ్చాక గాని పాతదాన్ని విప్పి భూతద్దం కింద చూడాలన్న బుద్ధి పుట్టలేదు. సీటు మీద కాడ కొస వేసిన గుండ్రని అచ్చులో, కనురెప్ప వెంట్రుక కన్నా సన్నని ఇత్తడి రజను ఒకటి గుచ్చుకుని ఉంది. ఆ సందులోంచి రాత్రంతా గాలి కొద్దికొద్దిగా ముందు గదిలోకి ఊరేది. పొద్దున్నకు పీడనం పెరిగి, హ్యామర్ వాల్వును చాలినంత తెరవలేకపోయేది. సీటును తిరగేసి రెండో ముఖం పైకి పెట్టి బిగించాను, అంతే. కొత్త రెగ్యులేటర్ ఇంకా సొరుగులోనే ఉంది. నేను చూసినంతలో రెగ్యులేటర్ మీద వచ్చే నిందల్లో చాలావరకు నలుసుకో, ఎండిపోయిన ఓ-రింగుకో చెందాల్సినవి.

ఇక ట్యూనింగ్, అంటే పీడనాన్నీ స్ప్రింగునూ ఒకదానికొకటి కుదిర్చే పని. వ్యాసంలో దీనికి రెండు వాక్యాలే కేటాయించారు, అసలు పనంతా ఇక్కడే ఉంది. రెగ్యులేటర్‌ను ఒక పీడనం దగ్గర నిలిపి, హ్యామర్ స్ప్రింగును పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతి మెట్టు దగ్గరా అయిదేసి షాట్ల వేగం రాసుకోవాలి. వేగం పెరుగుతూ పోయి ఒకచోట ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎంత బిగించినా పెరిగేది చప్పుడూ గాలి ఖర్చూ మాత్రమే. ఆ గరిష్ఠ వేగానికి రెండు మూడు శాతం దిగువకు వచ్చేదాకా స్ప్రింగును వదులు చేసి అక్కడ ఆపాలి. ఆ చోటుకు ఒక సుగుణం ఉంది: పీడనం ఇసుమంత పెరిగితే వాల్వు ఇసుమంత తక్కువ సేపు తెరుచుకుంటుంది, తగ్గితే ఎక్కువ సేపు తెరుచుకుంటుంది, కనుక చిన్న చిన్న హెచ్చుతగ్గులు వాటంతటవే సర్దుకుంటాయి. అక్కడ వచ్చిన వేగం మనకు కావలసినదాని కన్నా ఎక్కువైతే స్ప్రింగును ఇంకా వదులు చేయకుండా, పీడనాన్నే కొంత దించి మొదటినుంచీ మళ్లీ చేయాలి. విసుగు పుట్టించే పనే. కొత్త రెగ్యులేటర్లో వాషర్లు కుదురుకోవడానికి కొన్ని పదుల షాట్లు పడతాయి కనుక, బిగించిన రోజే అంకెలు ఖరారు చేసుకోకపోవడం మంచిది. రెగ్యులేటర్ ఏ పీడనం దగ్గర ఉందో తెలుసుకోవడానికి వేరే గేజు లేకపోయినా ఫరవాలేదు. సిలిండర్ ఖాళీ అవుతుండగా వేగం పడిపోవడం మొదలయ్యే చోట సిలిండర్ గేజు చూపే అంకె ఇంచుమించు అదే.

వ్యాసంలో అసలు ప్రస్తావనకే రానిది భద్రత. సిలిండర్ తీసేశాం కదా అని రెగ్యులేటర్ విప్పబోతే, ముందు గదిలో చిక్కుకున్న గాలి ఇంకా రెండు మూడు షాట్లకు సరిపడా ఉంటుంది. సిలిండర్ గేజు దాన్ని చూపదు. పెల్లెట్ పెట్టకుండా, తుపాకీ గొట్టాన్ని ప్రమాదం లేని వైపుకు తిప్పి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా మళ్లీ మళ్లీ కాల్చి గాని మరలు ముట్టుకోకూడదు. వాషర్లున్న గదికి బయటికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి గాలి కారుతుంటే ఓ-రింగు పోయిందని అర్థం. ఆ రంధ్రాన్ని జిగురుతో మూసినవారినీ చూశాను. మూస్తే గాలి వాషర్ల గదిలోనే చేరి, వాషర్లతో కలిసి పిస్టన్‌ను తెరిచే వైపుకే నెడుతుంది, ముందు పీడనం అదుపు తప్పి పైకి ఎక్కుతుంది. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు, అదీ వేలికొసకు అంటినంత. మామూలు నూనె వేస్తే, అధిక పీడనంలో ఒక్కసారిగా వేడెక్కిన గాలికి అది అంటుకోవచ్చు. ఆక్సిజన్ నింపడమన్నది ఎప్పుడూ కూడదు.

బలం సంగతికే వస్తే, చాలా దేశాల్లో దానికి చట్టం గీసిన గీత ఉంది. లైసెన్సు లేకుండా ఉంచుకునే గాలి తుపాకీకి, పెల్లెట్ శక్తి లెక్కన, జర్మనీలో హద్దు 7.5 జౌళ్లు, ఇంగ్లండులో రైఫిలుకు 12 అడుగు-పౌండ్లు, అంటే సుమారు 16.3 జౌళ్లు. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 168 మీటర్ల వేగంతో వెళ్తేనే 7.5 జౌళ్లవుతాయి. ‘బలం పెరుగుతుంది’ అని రాసేముందు ఈ సంగతి కూడా పాఠకుడికి చెప్పాల్సింది.

కనుక వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ ఒక్క వాక్యాన్ని సవరిస్తూ, గాలి ఖాళీ చేసే పద్ధతిని రెండు ముక్కల్లో ప్రచురించవలసిందిగా మనవి. వ్యాసానికి వేసిన బొమ్మలో రెగ్యులేటర్ కూడా తలకిందులుగా ఉంది: వెడల్పు ముఖం వాల్వు వైపు ఉండాలి, సిలిండర్ వైపు కాదు.

భవదీయుడు,
మీ పాఠకుడు