ఇంటి నుంచి పనికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి, ఏది అక్కర్లేదు?

గౌరవనీయులైన సంపాదకులకు,

ఇంటి నుంచి చేసుకోదగిన ఉపాధి గురించి మీ పత్రిక జిల్లా అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఎక్కడో ఉన్న వ్యాపారికో, వైద్యుడికో ఉత్తరప్రత్యుత్తరాలు, అపాయింట్‌మెంట్లు, బిల్లులు, లెక్కల పట్టికలు ఇంటి నుంచే చూసిపెట్టే వర్చువల్ అసిస్టెంట్ పని మన ప్రాంతపు చదువుకున్న ఆడపిల్లలకు, గృహిణులకు అనువైనదని అందులో రాశారు. ఆ అభిప్రాయంతో నాకు పేచీ లేదు. అయితే ఆ పనికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలనే దగ్గర వ్యాసకర్త పేర్లను వరుసగా ఇచ్చి, వాటిలో ఏది ముందు, ఏది వెనుక, ఏది అసలు అక్కర్లేదు అన్నది చెప్పకుండా వదిలేశారు. సరిగ్గా ఇలాంటి జాబితానే పాఠ్యప్రణాళికగా చూపి వేల రూపాయల ఫీజు వసూలు చేసే శిక్షణ కేంద్రాలు గోదావరి డెల్టాలోని పట్టణాల్లో వెలుస్తున్నాయి కాబట్టి ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. నేను డిగ్రీ కళాశాలలో కామర్స్ బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. నా పూర్వ విద్యార్థినుల్లో కొందరు ఈ పని చేస్తున్నారు. వారి బిల్లులు, పన్ను కాగితాలు నేనే చూసిపెడుతుంటాను. ఆ పరిచయంతో చెబుతున్నాను: మొదలుపెట్టే మనిషికి కావలసిన సాఫ్ట్‌వేర్ దాదాపు అంతా ఉచితంగానే దొరుకుతుంది, ఖరీదైనవి వాడవలసి వస్తే వాటి ఖర్చు పని ఇచ్చేవారే పెట్టుకుంటారు.

అన్నిటికన్నా ముందు కావలసింది ఒక గూగుల్ ఖాతా. దానితో పాటు వచ్చే 15 జీబీ స్థలం, జీమెయిల్, క్యాలెండర్, డాక్స్, షీట్స్, ఫారమ్స్ తొలి రోజుల అవసరాలకు సరిపోతాయి. నన్నడిగితే వీటిలో షీట్స్ ఒక్కటి క్షుణ్ణంగా వచ్చినవారికి పనికి లోటుండదు. కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు దేశం నలుమూలలకూ లారీల్లో వెళుతుంటాయి. ఏ మొక్క ఎన్ని, ఏ లారీకి ఎక్కించారు, అడ్వాన్సు ఎంత వచ్చింది, బాకీ ఎవరి దగ్గర ఉంది అన్నది చాలాచోట్ల ఇప్పటికీ రూళ్ల పుస్తకంలోనూ, యజమాని జ్ఞాపకంలోనూ ఉంటుంది. ఆ పుస్తకాన్ని షీట్‌లోకి ఎక్కించి, ఫిల్టర్ పెట్టి బాకీదార్లను విడదీసి, వీ-లుకప్ (VLOOKUP) అనే సూత్రంతో ధరల పట్టికను జతచేసి, పివట్ టేబుల్ అనే సారాంశ పట్టికతో నెలవారీ అమ్మకం తీసి చూపించగలిగిన అమ్మాయి అమెరికాలోని క్లయింట్‌కైనా ఆ పనే చేసిపెట్టగలదు. అక్కడివారు ఎక్సెల్ వాడతామంటే దాని లైసెన్సు వారే ఇస్తారు. ఇంట్లో సాధన చేసుకోవడానికి మాత్రం అలాంటి పట్టికలే చేసుకోగల లిబ్రే ఆఫీస్ ఉచితంగా ఉండనే ఉంది, దొంగ కాపీల జోలికి పోనక్కర్లేదు.

శిక్షణ కేంద్రాలు తగినంతగా చెప్పనిదీ, అన్నిటికన్నా ముఖ్యమైనదీ పాస్‌వర్డుల సంగతి. ఈ వృత్తిలో మనిషి చేతికి పరాయివారి తాళాలు వస్తాయి. మన ప్రాంతపు వ్యాపారులు నమ్మకం కుదిరిందంటే ఈమెయిల్ పాస్‌వర్డ్‌ను వాట్సాప్‌లో పంపడానికీ, ఫోన్‌కు వచ్చిన ఓటీపీని చదివి వినిపించడానికీ ఏమాత్రం వెనుకాడరు. రేపు ఆ ఖాతాలో ఏ చిన్న తేడా వచ్చినా మొదటి అనుమానం ఎవరి మీదకు వస్తుందో చెప్పనక్కర్లేదు. నిజానికి పాస్‌వర్డ్ చేతులు మారనక్కర్లేని ఏర్పాట్లు చాలావాటిలో ఉన్నాయి. జీమెయిల్ సెట్టింగుల్లో యజమాని మరొకరిని తన ప్రతినిధిగా నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధి తన సొంత ఖాతా నుంచే యజమాని ఉత్తరాలు చదవవచ్చు, జవాబులు పంపవచ్చు, పాస్‌వర్డ్ మాత్రం మార్చలేరు. క్యాలెండర్‌ను, డ్రైవ్‌లోని ఫైళ్లను కూడా చూడటానికి మాత్రమేనా, దిద్దడానికి కూడానా అని విడివిడిగా అనుమతించవచ్చు. ఫేస్‌బుక్ వ్యాపార పేజీకీ ఇలాంటి వీలే ఉంది. పాస్‌వర్డ్ ఇచ్చితీరవలసిన చోట పాస్‌వర్డులను భద్రంగా దాచిపెట్టే బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ వాడాలి. దాని ఉచిత ప్లాన్‌లోనే ఇద్దరు కలిసి పంచుకునే వీలుంది, పని ముగిసిన రోజున యజమాని ఆ పంపకాన్ని రద్దు చేసి పాస్‌వర్డ్ మార్చుకుంటే సరిపోతుంది. ఇక బ్యాంకు ఓటీపీ విషయంలో ఏ సాఫ్ట్‌వేరూ లేదు. యజమాని ఇస్తానన్నా తీసుకోకూడదు.

గడియారం సంగతి కూడా కాస్త వివరంగా చెప్పాలి. కోనసీమ నుంచి ఎందరో వెళ్లి స్థిరపడిన కువైట్ మనకు రెండున్నర గంటలు, దుబాయ్ గంటన్నర వెనుక ఉంటాయి, ఏడాది పొడవునా ఆ తేడా మారదు. అమెరికా అలా కాదు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి, న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలు అంటే వేసవిలో మనకు సాయంత్రం 6.30, చలికాలంలో రాత్రి 7.30 అవుతుంది. బ్రిటన్ కూడా గడియారం మారుస్తుంది గానీ దాని తేదీలు వేరు. ఇవన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. గూగుల్ క్యాలెండర్‌లో రెండో కాలమండలాన్ని చేర్చుకుంటే మన సమయం పక్కనే వారి సమయం కనిపిస్తుంది. అపాయింట్‌మెంట్లు ఎక్కువగా ఉండే క్లయింట్‌కు క్యాలెండ్లీ అనే సాధనం పెట్టిస్తే, ఖాళీ ఉన్న వేళల్లో అవతలివారే తమ గడియారం ప్రకారం సమయం ఎంచుకుంటారు. రాత్రి పని గురించి ఇంట్లోవారితో ముందే మాట్లాడుకోవడం సాఫ్ట్‌వేర్ విషయం కాదు గానీ, ఈ పని మధ్యలో మానేసిన మా అమ్మాయిల్లో ఎక్కువమంది అక్కడే ఆగిపోయారు.

ట్రెల్లో, ఆసనా, నోషన్, క్లికప్ అంటూ శిక్షణ కేంద్రాలు వారాల తరబడి చెప్పేవన్నీ చేయవలసిన పనులను పలకల మీద, వరుసల్లో రాసుకునే సాధనాలే. ఒకటి వస్తే మిగిలినవి కొద్ది రోజుల్లో పట్టుబడతాయి, క్లయింట్ ఏది వాడితే మనమూ దానిలోనే పనిచేయాలి. సందేశాలకు వాడే స్లాక్, వీడియో సమావేశాలకు వాడే జూమ్, గూగుల్ మీట్ కూడా అంతే. ఉచిత జూమ్ సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుందనీ, ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో ఉన్న మీట్ సమావేశం ఉచిత ఖాతాలో గంటకు ముగుస్తుందనీ గుర్తుంటే చాలు.

పని చేసిన సమయాన్ని నమోదు చేసే టోగుల్, క్లాకిఫై లాంటివాటిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఒక్కరు వాడుకోవడానికి రెండూ ఉచితమే. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని అల్లిన లేసు దేశదేశాలకు వెళ్లింది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ అల్లిన చేతికి ఎన్ని గంటలు పట్టిందో ఎవరూ రాసుకోలేదు, చివరకు అది ఎంతకు అమ్ముడుపోయిందో ఏజెంటుకు తప్ప తెలియలేదు. ఇంట్లో కూర్చుని దూరపు కొనుగోలుదారు కోసం చేసే పని ఏదైనా ఆ దారినే పోయే ప్రమాదం ఉంది. ‘రోజుకు కొంచెమే పని’ అంటూ నెలకు ఇంత అని ఒప్పుకున్న అమ్మాయి, ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో టోగుల్‌లో నమోదు చేసుకుంటే రెండో నెల రేటు మాట్లాడేటప్పుడు ఆమె దగ్గర కాగితం ఉంటుంది.

డబ్బు చేరే దారి గురించి కూడా స్పష్టత అవసరం. దేశంలోని క్లయింట్‌తో చిక్కు లేదు, యూపీఐ ఉంది. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోపలి చెల్లింపులు మానేసింది, విదేశాల నుంచి వచ్చే సొమ్ము అందుకోవడానికి మాత్రమే పనికివస్తుంది. డాలరును రూపాయిల్లోకి మార్చే రేటులో అది ఎంత మిగుల్చుకుంటుందో ముందే చూసుకోవాలి. విదేశాల నుంచి డబ్బు పంపే వైజ్ లాంటి సేవలు రేటును, రుసుమును విడివిడిగా చూపిస్తాయి కనుక పోల్చుకోవడం సులువు. ఏ దారిన వచ్చినా, విదేశీ సొమ్ము వచ్చినట్టు ధ్రువీకరించే పత్రాన్ని తీసి దాచుకోవాలి. బిల్లులు తయారు చేయడానికి జోహో ఇన్వాయిస్ ఉచితంగా దొరుకుతుంది. తమిళనాడులో తెన్‌కాశి దగ్గరి పల్లెలో కార్యాలయం పెట్టి ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ అమ్ముతున్న సంస్థ అది, ఆ ఒక్క కారణానికైనా నాకు దాని మీద కాస్త పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి అవుతుంది. సేవల ఎగుమతి మీద పన్ను భారం పడకుండా ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేసే వీలు ఉంది గానీ, అది ఆడిటరుతో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

మన డెల్టాకు ప్రత్యేకమైన కష్టం ఒకటుంది, హైదరాబాదులో తయారయ్యే పాఠాల్లో అది కనిపించదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కోనసీమలో ఎన్నో ఊళ్లకు కరెంటు పోయింది. తుపాను లేకపోయినా వానాకాలంలో గోదావరి పొంగితే లంక గ్రామాలవారికి పడవే దిక్కు. అలాంటి చోట నుంచి పని ఒప్పుకునేవారు గూగుల్ డాక్స్, షీట్స్‌లో ఆఫ్‌లైన్ సదుపాయాన్ని ముందుగానే పెట్టుకోవాలి. నెట్ పోయాక పెట్టుకోవడం కుదరదు. ఫైబర్ రౌటరుకు చిన్న యూపీఎస్ ఒకటి, వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉండాలి. వరద హెచ్చరిక వచ్చిన రోజే క్లయింట్‌కు ఈమెయిల్ పెట్టి, రాబోయే రెండు మూడు రోజుల పనిని ముందే చేసేసుకోవాలి. కొత్తగా చేరేవారు ఖరీదైన కోర్సుకు పెట్టే డబ్బును ఒక మంచి ఇన్వర్టరుకు పెట్టుకుంటే మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను.

తొలి క్లయింట్ విదేశంలోనే ఉండాలన్న నియమమేమీ లేదు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా ఇప్పుడు కొరియర్‌లో వెళుతున్నాయి. చేపల, రొయ్యల చెరువుల రైతులకు మేత, మందులు అమ్మే దుకాణాలవారికి రోజంతా ఫోన్లే. వీరందరికీ వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు పెట్టి, తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసి, కొత్త ఆర్డరు, డబ్బు అందినది, పంపినది అని లేబుళ్లు వేసి నడిపే మనిషి కావాలి. యజమాని ఫోన్ ఆయన దగ్గరే ఉంటుంది. ఒక ఖాతాను నాలుగు పరికరాల దాకా జతచేసుకోవచ్చు కనుక మన కంప్యూటరులో పని చేసిపెట్టవచ్చు. ఇక్కడ తెలుగు టైపింగ్ కూడా ఒక ఆస్తి అవుతుంది. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో నేర్చుకున్నవారు ఏ కంప్యూటరులోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతికి మారాలి, లేకపోతే ఆ అక్షరాలు ఈమెయిల్‌లోనూ షీట్‌లోనూ పిచ్చిగీతలుగా కనిపిస్తాయి. గూగుల్ డాక్స్ తెలుగులో చెబితే టైపు చేస్తుంది, దిద్దుబాటు మాత్రం మనమే చేయాలి. ఈ ఉత్తరంలో కొంత భాగం అలా చెప్పి రాయించినదే.

చాట్‌జీపీటీ, జెమినీ లాంటి ఏఐ సాధనాలు వచ్చాక చూసి టైపు చేసే పనులకు గిరాకీ తగ్గుతున్న మాట వాస్తవం. వాటిని ఉత్తరాల చిత్తుప్రతికి వాడుకోవచ్చు, కానీ క్లయింట్ ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు వాటిలో పెట్టకూడదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. ఇక ‘డేటా ఎంట్రీ పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనేవారు, పని తీసుకున్నాక తప్పులున్నాయని వకీలు నోటీసు పేరుతో బెదిరించేవారు మోసగాళ్లే. పార్ట్‌టైమ్ ఉద్యోగాల పేరుతో మోసం చేస్తున్న వందకు పైగా వెబ్‌సైట్లను 2023 డిసెంబరులో కేంద్రం నిలిపివేసింది. ఎనీడెస్క్ లాంటి దూర నియంత్రణ యాప్‌ల ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది కనుక, తెలియనివారు అడిగితే అలాంటివి ఇన్‌స్టాల్ చేయకూడదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

మీ పత్రిక నుంచి నేను కోరేది ఇది: వచ్చే అనుబంధాల్లో ఒక్కొక్క సాధనాన్ని తీసుకుని, తెర బొమ్మలతో, జీమెయిల్ ప్రతినిధి ఏర్పాటుతో మొదలుపెట్టి, తెలుగులో నేర్పే శీర్షిక ఒకటి నడపండి. మన జిల్లాల డిగ్రీ కళాశాలలు కూడా బీకాం చివరి ఏడాది విద్యార్థులకు ప్రాజెక్టు పేరుతో పాత రికార్డులు తిరగరాయించే బదులు, దగ్గరలోని ఒక నర్సరీవో, మిఠాయి దుకాణానివో మూడు నెలల లెక్కలను యజమాని అనుమతితో షీట్స్‌లో నడిపించి, దానికే మార్కులు వేయవచ్చు. ఇందుకు ముందుకు వచ్చే కళాశాలకు పాఠాలు తయారు చేసి ఇవ్వడానికి నేను సిద్ధం.

భవదీయురాలు,
ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకురాలు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా