కుటుంబాలకు మేము రాసే లేఖ గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారములు.

నేను ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిని. ప్రతి నెలా చివరి శనివారం మా పిల్లల ఇళ్లకు ఒక పేజీ లేఖ పంపుతాను. పాఠాలు ఎంతవరకు వచ్చాయి, పరీక్షలు ఎప్పుడు, సెలవులో ఉన్న టీచరు తరగతులు ఎవరు తీసుకుంటున్నారు, మరుగుదొడ్ల మరమ్మతు ఎక్కడ ఆగింది అన్నవి అందులో ఉంటాయి. ఈ నెల ఆ లేఖ రాయడానికి కూర్చుంటే నేను ఖాయంగా చెప్పగలిగిన విషయాలు రెండే కనిపించాయి. అందుకే దాన్ని పక్కన పెట్టి ముందుగా మీకు రాస్తున్నాను.

ఈ విద్యా సంవత్సరంలో అర్ధ సంవత్సర పరీక్షల టైమ్ టేబుల్ రెండుసార్లు మారింది. రెండోసారి ఉత్తర్వు బడి వదిలిన తరువాత వచ్చింది. అమలు మర్నాటి ఉదయం నుంచే. రాత్రికి రాత్రి వాట్సాప్ గ్రూపులో సందేశం పెట్టాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ రాత్రి డ్యూటీకి వెళ్లిన తండ్రి దగ్గర ఉండిపోవడంతో, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు గణితం చదువుకుని వచ్చి సైన్సు ప్రశ్నపత్రం ముందు కూర్చుంది. చాలాసేపు పెన్ను మూత కూడా తీయలేదు. నేను దగ్గరికి వెళ్లగానే జామెట్రీ బాక్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి, "ఇందులో గణితమే అని ఉంది కదా మేడం" అంది. కింద ఉన్న సంతకం నాది.

ఉత్తర్వులు మారకూడదని నేను కోరడం లేదు. మారక తప్పని సందర్భాలు ఉంటాయని ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు తెలుసు. అయితే ఎందుకు మారిందో మాకు చెప్పకపోతే మేము తల్లిదండ్రులకు చెప్పలేము, మేము చెప్పని చోట పుకారు పుడుతుంది. సంవత్సరం మధ్యలో మా భౌతికశాస్త్రం టీచరుకు బదిలీ అయింది. ఆ పోస్టు ఎప్పుడు భర్తీ అవుతుందని అడిగిన తల్లిదండ్రులకు "పై అధికారులకు రాశాము" అని వరుసగా మూడు నెలలు రాశాను. నాలుగో నెల అదే వాక్యం మళ్లీ రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

భాష సంగతీ చెప్పాలి. మాకు పైనుంచి వచ్చే నమూనాలో "నిర్మాణాత్మక మూల్యాంకనంలో ఆశించిన స్థాయి సాధించలేదు" అని ఉంటే, తొందరలో దాన్ని అలాగే ఇళ్లకు పంపాను. మర్నాడు ఒక అమ్మమ్మ ఆ కాగితం పట్టుకుని వచ్చి, "మావాడు తప్పాడా అమ్మా?" అని అడిగారు. తప్పలేదనీ, చిన్న పరీక్షల్లో లెక్కల్లో కాస్త వెనకబడ్డాడనీ, సాయంత్రం అరగంట ఉంచి నేర్పుతామనీ చెబితే ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. ఆ మాటే కాగితం మీద ఉండి ఉంటే ఆవిడకు ఆ రాత్రి నిద్ర పట్టేది. ఆ తప్పులో నా పాలూ ఉంది.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 28వ అధికరణంలో, విద్యకు సంబంధించిన సమాచారం పిల్లలందరికీ అందేలా చూడాలనీ, క్రమం తప్పని హాజరును ప్రోత్సహించాలనీ ఉంది. ఈ రెండూ ఒకే చోట ఉండటం సబబే. సెలవో కాదో తెలియక నెలకు రెండు రోజులు ఇంట్లో ఉండిపోయిన పిల్ల పది నెలల్లో 20 రోజుల చదువు పోగొట్టుకుంటుంది. 2020లో ప్రపంచమంతటా బడులు మూతపడి దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు ఇళ్లకే పరిమితమైనప్పుడు, బడికీ ఇంటికీ మధ్య మిగిలింది చాలాచోట్ల ఇలాంటి సందేశాలే. ఆ రోజుల్లో కుటుంబాలు మా మాట నమ్మి పిల్లలను చదువులో నిలబెట్టాయి. ఆ నమ్మకం ఇప్పుడు సర్క్యులరు సర్క్యులరుకీ తరిగిపోవడం నేను చూస్తున్నాను.

కనుక అయ్యా, అంటువ్యాధి, తుపాను వంటి అత్యవసరాలు మినహా, ఉత్తర్వుకూ అమలుకూ మధ్య కనీసం 10 రోజుల గడువు ఇప్పించండి. ఉత్తర్వుతో పాటు, మార్పుకు కారణం చెప్పే ఒక పేరా ఇళ్లలో మాట్లాడుకునే భాషలో రాయించి పంపితే, మేము దాన్ని యథాతథంగా కుటుంబాలకు చేరవేస్తాము. ఖాళీ పోస్టు విషయంలో తాత్కాలిక తేదీ అయినా సరే, ఒక తేదీ చెప్పించండి. తల్లిదండ్రులు మాకు రాసే జవాబుల్లో మా చేతిలో లేనివాటిని చదివి, వారికి సమాధానం ఇచ్చే అధికారి ఒకరు పై కార్యాలయంలో ఉండాలి. ఇప్పుడు ఆ జవాబులన్నీ నా బల్ల సొరుగులో ఉన్నాయి. మీరు ఎప్పుడు అడిగినా కట్టగట్టి పంపుతాను.

ఈ నెల లేఖ వచ్చే శనివారం వెళ్లాలి. భౌతికశాస్త్రం టీచరు గురించి రాయవలసిన చోటు ఖాళీగా ఉంచాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక ప్రధానోపాధ్యాయురాలు