మత్తడి దుంకే చెరువుల్లోకి జన్యుమార్పిడి చేపలు వద్దు

సంపాదకులకు నమస్కారం.

తొందరగా పెరిగే జన్యుమార్పిడి చేపలు మనకూ వస్తే మత్స్యకారుల ఆదాయం పెరుగుతుందని మా సంఘంలో కూడా కొందరు అంటున్నారు. ఆశ తప్పు కాదు. కానీ మన చెరువుల్లో మాత్రం వాటిని వదలొద్దు.

అమెరికాలో 2015లో అనుమతి పొందిన జన్యుమార్పిడి సాల్మన్, మామూలుగా మూడేళ్లు పట్టే సైజుకు ఏడాదిన్నరలోనే వస్తుంది. అయినా దాన్ని సముద్రంలో పెంచనివ్వలేదు. నేల మీది ట్యాంకుల్లోనే, అదీ గుడ్లు పెట్టలేని ఆడచేపల్నే పెంచాలన్నారు. ఇంత చేసినా, అవి తప్పించుకుంటే సహజ సాల్మన్ గతేంటో సరిగా చూడలేదని 2020లో అక్కడి కోర్టు తప్పుపట్టింది.

జన్యుమార్పిడితో పెద్దగా పెరిగిన మగచేపకే జత ఎక్కువ దొరుకుతుంది, దాని పిల్లలేమో సరిగా బతకవు అనుకోండి, అప్పుడేమవుతుంది? 1999లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఇదే లెక్క కట్టారు. 60 వేల మామూలు చేపల్లో అలాంటివి 60 కలిస్తే, 40 తరాల్లో మొత్తం అంతరించిపోతాయని తేలింది. అది కంప్యూటర్ లెక్కే, కాదనను. కానీ వాగులో నిజంగా జరిగాక తెలుసుకుని ఏం చేస్తాం?

మన హన్మకొండ చెరువులు కాకతీయుల నాటి గొలుసుకట్టువి. ఒకదాని మత్తడి (అలుగు) నీళ్లు ఇంకోదాంట్లోకి, అక్కడి నుంచి వాగులోకి, చివరికి గోదావరిలోకి పోతాయి. వానాకాలంలో మత్తడి దుంకేటప్పుడు వచ్చి చూడండి, నీటికి ఎదురెక్కే చేపలు కొన్ని, నీళ్లతో పాటు కొట్టుకుపోయేవి కొన్ని, కింద వలలతో, దోమతెరలతో ఊరంతా అక్కడే ఉంటుంది. ఎంత జాలీ కట్టినా వేలెడంత పిల్ల ఆగదు. 2023 జూలైలో వరంగల్‌లోని భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది.

అనుమతి లేనివి వదలడం నిషేధమే కదా అంటారేమో. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను 2000లోనే నిషేధించారు, ఇప్పటికీ దొంగచాటుగా పెంచుతున్నారు. అనుమతి లేని, కలుపు మందును తట్టుకునే జన్యుమార్పిడి పత్తి విత్తనాలు మన జిల్లాల్లో పట్టుబడుతూనే ఉన్నాయి. పత్తినైతే పీకేయొచ్చు, నీళ్లలో కలిసిన చేపను ఎక్కడని వెతుకుతాం?

ఆక్సిజన్ కవర్లలో వచ్చే చేపపిల్లల్ని చూసి ఏ జాతివో చెప్పడం మాకే కష్టం. అందుకే చెరువులో పోయకముందే మత్స్యశాఖ పరీక్షించి సంఘానికి కాగితం ఇవ్వాలి. గొలుసుకట్టు చెరువుల్లో జన్యుమార్పిడి చేపలు వదలబోమని ప్రభుత్వం ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వాలి. ఆదాయమే కావాలంటే మన రాష్ట్ర చేప కొర్రమీనుకు మంచి రేటుంది, దాని పిల్లలే సరిపడా దొరకట్లేదు. ముందు వాటిని ఇప్పించండి.

- మత్స్య సహకార సంఘం సభ్యుడు, హన్మకొండ జిల్లా