ఏరు రంగు పైన శాటిలైట్ నుంచి కనపడతా ఉంది, ఒడ్డున ఉన్న మాకు ఎందుకు చెప్పరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది విడవలూరు మండలం, పెన్నా మొగకి (ఏరు సముద్రంలో కలిసే చోటికి) దగ్గర్లో ఆరెకరాలు రొయ్యల గుంటలు చేసుకుంటున్నాను. మీ పేపర్లో రొయ్య ధరల గురించి బాగానే వస్తా ఉంది, కానీ రొయ్య కంటే ముందు నీళ్ళు కదండీ, వాటి గురించి ఎవరూ రాయడం లేదని ఈ ఉత్తరం.

మేము గుంటకి నీళ్ళు ఎక్కించేది ఏరులో నుంచి, పట్టుబడి అయినాక వదిలేది కూడా అదే ఏరులోకి. నేనూ ఇన్నేళ్ళు అదే చేశాను. పైన ఎవరి గుంటలోనో వైట్ స్పాట్ (రొయ్యలకి వచ్చే వైరస్ జబ్బు) వచ్చి రాత్రికి రాత్రి తూము తీసేస్తే నాకు తెలిసే దారి లేదు, తెల్లారి మోటరు వేస్తే ఆ నీళ్ళే నా గుంటలోకి వస్తాయి. పోయిన ఎండాకాలం నలభై రోజుల పంట అట్లాగే పోయింది. నీళ్ళు టెస్ట్ చేయించండి అని ఆఫీసులో అర్జీ పెడితే శాంపిల్ తీసే మనిషి వచ్చేసరికి ఇరవై రోజులు పట్టింది, ఈలోపు రెండు పూటలా పోటు వచ్చిపోతానే ఉంది, ఇంక ఆ బాటిల్లో ఏం దొరుకుతుంది చెప్పండి.

అప్పుడు మా మేనల్లుడు ఫోన్లో సెంటినెల్-2 బొమ్మలు చూపించాడు. యూరప్ వాళ్ళ శాటిలైట్, 2015 నుంచి ఉంది, ఐదు రోజులకోసారి మన మీదుగా పోతుంది, పది మీటర్ల ముక్క కూడా విడిగా కనపడుతుంది, పైసా కట్టక్కర్లేదు. జనవరి బొమ్మలో మా ఏరు ముదురు రంగులో ఉంది, ఏప్రిల్ బొమ్మలో మధ్యలో నుంచి మొగ దాకా పచ్చగా తేలింది, ఆ పచ్చదనం సముద్రంలోకి తోక మాదిరి పోయింది. నాకు నమ్మకం కుదరలేదు. శాటిలైట్ వచ్చే రోజు చూసుకుని తెల్ల ప్లేటుకి రాయి కట్టి పడవలో నుంచి దించాము, పచ్చగా చూపించిన చోట జానెడు లోతుకే ప్లేటు మాయమైంది, పచ్చ లేని చోట మాత్రం రెండు మూరలు పోయినా కనపడింది.

పాసిలో ఉండే క్లోరోఫిల్ నీలం, ఎరుపు వెలుతురు మింగేసి పచ్చది వదులుతుంది, బురద ఎక్కువుంటే ఎరుపు ఎక్కువ తిరిగొస్తుంది, లెక్కంతా దాని మీదే. అమ్మోనియా, ఆక్సిజన్, వైరస్ పైనుంచి కనపడవు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బులు అడ్డం. అందుకే శాంపిల్ తీసే మనిషి ఎట్లాగూ కావాలి, కాకపోతే ఎక్కడికి పోవాలో, ఏ రోజు పోవాలో ముందే తెలుస్తుంది.

పులికాట్ సరస్సు సంగతి కూడా చెప్పాలి. అక్కడ నీళ్ళ అడుగున సముద్రపు గడ్డి ఉంటుంది, చానా మంది నాచు అనుకుంటారు కానీ అది వేళ్ళూ పూలూ ఉండే అసలైన మొక్క, రొయ్య పిల్లలు, పీతలు దాక్కుని పెరిగేది అందులోనే. దానికి ఎండ తగలాలి. మేత మిగులు, పొలాల ఎరువు నీళ్ళు కలిస్తే పాసి పెరిగి వెలుతురు కమ్మేస్తుంది, గడ్డి చస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా దగ్గర ఉప్పునీటి సరస్సులో ఇట్లాగే గడ్డి పోయింది, 2021 ఒక్క ఏడాదిలో ఆ రాష్ట్రంలో 1,100కి పైగా మనాటీలు (నీటి గడ్డి మేసే పెద్ద జంతువులు) చచ్చిపోయాయి, వాటిలో చానా మేత దొరక్కే. పక్కన తమిళనాడు మేలుకుని 2022లో పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లు సముద్రపు ఆవుల (డ్యూగాంగ్‌ల) కోసం, అవి మేసే గడ్డి కోసం రిజర్వు చేసింది. నీళ్ళు తేటగా ఉన్న నెలల్లో గడ్డి ఉన్న చోటు బొమ్మలో నల్లటి మచ్చలాగా పడుతుంది, నీళ్ళు బురదైతే అడుగే కనపడదు, అందుకని ఆ మచ్చ గడ్డో నాచో బురదో దిగి చూడాల్సిందే, అక్కడ వలేసే వాళ్ళని అడిగితే సగం పని అయిపోతుంది.

షార్, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మాకు అది మా ఊరి పక్కదే. సముద్రం రంగు చూసే మన ఓషన్‌శాట్ శాటిలైట్లు 1999లో, 2009లో, మళ్ళీ 2022 నవంబర్ 26న అక్కడి నుంచే లేచాయి. ఆ రంగు, నీటి వేడి చూసి హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళు చేపలు ఎక్కడున్నాయో చెప్తా ఉన్నారు, మంచి పని, మా బంధువులు దాన్ని నమ్ముకునే వేటకి పోతారు. కాకపోతే ఓషన్‌శాట్ కెమెరాకి ఒక్కో చుక్క 360 మీటర్లు, మా ఏరు అందులో కనపడనే కనపడదు. సన్నగా చూసే శాటిలైట్ బొమ్మలు ఫ్రీగా ఉన్నాయి కదా, వాటితో ఒంగోలు దగ్గర కొత్తపట్నం నుంచి పులికాట్ దాకా నెలకోసారి నీళ్ళ మ్యాపు తెలుగులో తయారు చేసి రైతు సేవా కేంద్రం గోడకి అంటించమని మత్స్యశాఖనీ కాలుష్య నియంత్రణ మండలినీ అడుగుతున్నాను. గుండ్లకమ్మ, పెన్నా, కండలేరు మొగల దగ్గర స్థిరంగా కొన్ని చోట్లు పెట్టుకుని శాటిలైట్ వచ్చే రోజే శాంపిల్ తీయాలి. అందులో నా తూము నీళ్ళే చెడ్డవని తేలితే నాకే ముందు చెప్పండి, ఆపేస్తాను. మబ్బులు పోయాక జనవరిలో మొదలుపెడితే పెన్నా మొగ దగ్గర పడవా మనిషీ మేము ఇస్తాము.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా