ఎర్ర ప్లస్ మందుల షాపు గుర్తు కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం బస్టాండు నుంచి ఇంటికి నడిచి వస్తూ, తెల్ల రంగు మీద ఎర్ర ప్లస్ గుర్తు ఎక్కడెక్కడ ఉందో లెక్కపెట్టాను. కిలోమీటరు కూడా లేని దారిలో పద్నాలుగు కనిపించాయి. మందుల షాపులు, క్లినిక్కులు, రక్త పరీక్షలు చేసే ల్యాబు, పశువుల మందులమ్మే కొట్టు, రెండు కార్ల అద్దాలు, ఫ్యాన్సీ షాపు ముందు వేలాడదీసిన పిల్లల డాక్టరు సెట్టు. ఆ గుర్తు వాడుకునే హక్కు ఈ పద్నాలుగింటిలో ఒక్కదానికీ లేదు.

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా బడిలో జూనియర్ రెడ్ క్రాస్ పని చాలా ఏళ్లు నేనే చూశాను. అప్పుడు పిల్లలకు చెప్పిన సంగతులే ఇప్పుడు పెద్దలకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది ఆస్పత్రి గుర్తనీ, డాక్టరు గుర్తనీ మనలో చాలామంది నమ్మకం. కానీ ఆ గుర్తు పుట్టింది యుద్ధభూమి కోసం. ‘ఇక్కడ ఉన్నది గాయపడినవాళ్లు, వాళ్లకు సేవ చేసేవాళ్లు, వీళ్లను కాల్చకండి’ అని తుపాకీ పట్టుకున్నవాడికి చెప్పడమే దాని పని. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర జరిగిన యుద్ధంలో ఒక్క రోజులో వేలమంది సైనికులు చనిపోయారు, గాయపడ్డారు. పని మీద అటు వెళ్లిన జెనీవా వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ దిక్కులేక పడి ఉన్న క్షతగాత్రులను చూసి తట్టుకోలేకపోయాడు. ఆయన పట్టుదల వల్ల 1863లో జెనీవాలో ఒక కమిటీ ఏర్పడింది, రెడ్ క్రాస్ సంస్థకు మొదలు అదే. 1864 ఆగస్టు 22న యుద్ధంలో గాయపడిన సైనికులను కాపాడాలని దేశాలు మొదటి జెనీవా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అంతకుముందు వైద్య శిబిరం మీద ఒక్కో సైన్యం ఒక్కో రంగు జెండా ఎగరేసేది. అవతలి సైనికుడికి అది ఏ జెండానో తెలిసేది కాదు. అందుకే ఎంత దూరం నుంచైనా ఒక్క చూపుకే తెలిసే గుర్తు కావాలని తెల్ల గుడ్డ మీద ఎర్ర క్రాస్ పెట్టారు. స్విట్జర్లాండ్ జెండా రంగులను తారుమారు చేస్తే వచ్చేది అదే.

నా పాఠంలో పిల్లలు చెవులు రిక్కించి వినే భాగం ఈ తరవాత వచ్చేది. రష్యాతో యుద్ధానికి ముందు 1876లో, తుర్కుల ఒట్టోమన్ సామ్రాజ్యం ఈ గుర్తును వాడలేమని చెప్పింది. జెనీవాలో కూర్చున్నవాళ్లకు అది ఏ మతానికీ చెందని గుర్తే కావచ్చు, ముస్లిం సైనికుడి కంటికి మాత్రం అది సిలువ. వాళ్లు ఎర్ర నెలవంక పెట్టుకున్నారు. శత్రువు క్రాస్‌ను గౌరవిస్తామని కూడా చెప్పారు. ఇరాన్ ఎర్ర సింహం, సూర్యుడు ఎంచుకుంది. 1929లో ఈ రెండింటికీ ఒప్పందంలో చోటు దొరికింది. ఏ మతం, ఏ దేశం ఛాయా లేని గుర్తు కోసం వెతికి వెతికి, చివరికి 2005లో మూల మీద నిలబెట్టిన ఎర్ర చతురస్రాన్ని ఒప్పుకున్నారు. దాన్నే రెడ్ క్రిస్టల్ అంటున్నారు. అందరికీ ఒకే గుర్తు ఉండాలని మొదలైన పనికి నూట నలభై ఏళ్ల తరవాత కూడా కొత్త గుర్తు వెతుక్కోవలసి వచ్చింది.

మన జెండాకూ ఇలాంటి చిక్కే వచ్చింది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి ఇచ్చిన నమూనాలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. మిగతావాళ్ల కోసం గాంధీజీ తెలుపు చేర్చమన్నారు. మరి మా రంగేదని సిక్కులు అడిగారు. అడగడం న్యాయమే. ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో రంగు పెట్టుకుంటూ పోతే జెండా ఎక్కడ ఆగుతుంది? 1931లో కాంగ్రెస్ ఎరుపు తీసి కాషాయం పెట్టింది. రంగులకు మతంతో సంబంధం లేదని తీర్మానంలోనే రాసుకుంది. కాషాయం ధైర్యానికి, త్యాగానికి, తెలుపు సత్యానికి, శాంతికి, ఆకుపచ్చ విశ్వాసానికి, శౌర్యానికి అని కొత్త అర్థం చెప్పింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రం పెట్టి అదే జెండాను ఖాయం చేసింది. జెనీవాలో గుర్తులు పెంచుకుంటూ పోయారు, మనవాళ్లు గుర్తుకు అర్థం మార్చుకున్నారు. నా మటుకు నాకు మనవాళ్లు చేసిందే గొప్పగా అనిపిస్తుంది. అయితే గీతకో రంగుకో అర్థం దానంతట అది రాదు, అందరూ కలిసి ఒప్పుకుంటేనే వస్తుంది. అలా ఒప్పుకున్న అర్థాన్ని అందరూ కాపాడుకోకపోతే అది చెరిగిపోతుంది.

ఎర్ర క్రాస్‌కు మన దగ్గర జరుగుతున్నది ఇదే. మనకు దాంతో ఉన్న బంధం చిన్నది కాదు. 1899లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లకూ, అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి బోయర్లకూ యుద్ధం వచ్చినప్పుడు గాంధీజీ సుమారు 1,100 మంది భారతీయులతో అంబులెన్స్ దళం కట్టారు. ఎర్ర క్రాస్ పట్టీ చేతికి కట్టుకుని గాయపడినవాళ్లను డోలీల్లో మోశారు. వాళ్లలో ఎక్కువమంది ఒప్పంద కూలీలు, అంటే ఇన్నేళ్లు పని చేస్తామని రాసిచ్చి వెళ్లినవాళ్లు. అప్పట్లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లిన ఆ కూలీల్లో మన తెలుగువాళ్లు కూడా చాలామంది ఉన్నారు. ఆ పట్టీ తమ ప్రాణం కాపాడుతుందనే నమ్మకంతోనే కదా వాళ్లు అంత దూరం ముందుకు వెళ్లింది!

అదే పట్టీ ఈరోజు ఎవరి కారుకు పడితే వారి కారుకు ఉంది. లాక్‌డౌన్ రోజుల్లో మా వీధిలో ఒకాయన, వైద్యంతో ఏ సంబంధమూ లేని మనిషి, కారు అద్దానికి ఎర్ర ప్లస్ అతికించుకుని పోలీసు చెక్‌పోస్టులు దాటి తిరిగాడు. అప్పుడు నేను ఆయనను అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

‘ఇక్కడ యుద్ధం ఏముంది మాస్టారూ, జనానికి మందుల షాపు తెలియాలి కదా’ అంటారు. తెలియాలి, కాదనను. చదువు రాని ముసలమ్మకు కూడా దూరం నుంచి తెలియాలి. యూరప్‌లో మందుల షాపులకు చాలాచోట్ల ఆకుపచ్చ క్రాస్ ఉంటుంది. ప్రథమ చికిత్సకు ఆకుపచ్చ మీద తెల్ల క్రాస్ అంతర్జాతీయంగా నడుస్తోంది. ఎరుపు వదిలేసి రంగు మారిస్తే సరిపోతుంది, ముసలమ్మ వారంలో అలవాటు పడుతుంది. ఇక యుద్ధం సంగతంటారా, అది మన గడప తొక్కిన రోజున సైనికుడి కళ్లకు ఎర్ర క్రాస్ అంటే జలుబు మాత్రలమ్మే కొట్టు అని అలవాటై ఉంటే, నిజమైన వైద్య శిబిరాన్ని ఎవరు కాపాడతారు?

చట్టం లేక కాదు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఈ గుర్తు వాడకూడదు. అది ఉండవలసింది సైనిక వైద్య విభాగాల దగ్గర, రెడ్ క్రాస్ సంస్థ దగ్గర. తప్పితే శిక్ష ఎంతంటే, 500 రూపాయల దాకా జరిమానా, గుర్తు వేసిన సరుకు జప్తు. 1960లో 500 అంటే పెద్ద మొత్తమే, ఇప్పుడు ఫ్లెక్సీ కట్టించడానికి కూడా చాలదు. మూడు సింహాల రాజముద్రను దుర్వినియోగం చేస్తే 2005 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. రాజముద్ర ప్రభుత్వ గౌరవానికి సంబంధించినది. ఎర్ర క్రాస్ మనిషి ప్రాణానికి సంబంధించినది. దానికి ఇంత తేలిక శిక్ష ఉండటం నాకు అన్యాయంగా తోస్తుంది. పార్లమెంటు ఆ జరిమానాను సవరించాలి.

అంతవరకూ ఆగనక్కర్లేదు. మందుల షాపు లైసెన్సు ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు ఔషధ నియంత్రణ అధికారులు బోర్డు ఫొటో ఒకటి అడిగితే చాలు. అంబులెన్సు రిజిస్ట్రేషన్ వేళ రవాణా శాఖ వాళ్లూ అలాగే చూడవచ్చు. మే 8న రెడ్ క్రాస్ దినం నాడు ర్యాలీలు తీసే కాలేజీలు, ఆ పూట తమ ఊళ్లో బోర్డులు రాసే పెయింటర్లను, ఫ్లెక్సీ ప్రింటర్లను పిలిచి పది నిమిషాలు మాట్లాడితే ఇంకా మంచిది. గుర్తు పుట్టేది వాళ్ల చేతుల్లోనే.

నేను నా వంతుగా మా వీధి మందుల షాపు యజమానితో మాట్లాడాను. ఆయన నా పాత విద్యార్థి. ‘తప్పని తెలియదు సార్’ అన్నాడు. నాలుగు రోజుల్లో బోర్డు మీద ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది, ఖర్చంతా ఒక డబ్బా రంగు. ఇంకా పదమూడు మిగిలాయి. సోమవారం పశువుల మందుల కొట్టుకు వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి