నాయనా, మన ఇంటి వైఫై గురించి

డబ్లిన్

నాయనా,

నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో ఎవరో ఒకరు యూరియా కోసం దుకాణానికి వస్తారు, మాట ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

మన మిర్యాలగూడ ఇంటి వైఫై పాస్‌వర్డ్ నీ ఫోన్ నంబరే కదా. దుకాణం బోర్డు మీద కూడా అదే నంబరు. దారిన పోయేవాళ్లకు తాళంచెవి ఇచ్చినట్టే. అది మార్చాలి. నా అసలు భయం మాత్రం వేరే.

వైఫై ఇచ్చే డబ్బా, అదే రౌటర్, దాని సెట్టింగులు తెరవడానికి ఇంకో పాస్‌వర్డ్ ఉంటుంది. బిగించే అబ్బాయిలు చాలాసార్లు దాన్ని 'అడ్మిన్' అనే వదిలేసి పోతారు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది.

మొన్న మా అద్దె ఇంట్లోనే చూశాను. బ్యాంకు పేరు కొడితే బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిక చూపించింది. ఎవరో మా రౌటర్‌లో డీఎన్ఎస్, అంటే సైట్ పేరు కొడితే దాని అడ్రసు వెతికి చెప్పేది, మార్చేశారు. హైదరాబాద్ రోడ్డు బోర్డును సాగర్ వైపు తిప్పి పెట్టినట్టు, మనం అడిగిన చోటుకి కాకుండా ఇంకో చోటుకి పంపుతుంది. డబ్బు పోలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీరు గుర్తొచ్చారు. నీకు అలాంటి హెచ్చరిక వస్తే ముందుకు పోకు, మూసేయి.

ఆదివారం తమ్ముడు వస్తాడు కదా, ఈ ఉత్తరం చూపించు. చాలా రౌటర్లకు బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే సెట్టింగులు వస్తాయి, లేకపోతే కింద స్టిక్కర్ చూడమను. ముందు ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చమను. తర్వాత వైఫైకి మన ఇంట్లోవాళ్లకే తెలిసే నాలుగు మాటలు కలిపి పొడుగు పాస్‌వర్డ్. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో డబ్ల్యూపీఏ3 ఉంటే అది పెట్టమను, లేకపోతే డబ్ల్యూపీఏ2. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపేది), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటినుంచి రౌటర్ సెట్టింగులు మార్చనిచ్చేది) రెండూ ఆపేయాలి. డబ్ల్యూపీఎస్ పిన్‌కు 8 అంకెలున్నా రౌటర్ దాన్ని సగం సగంగా సరిచూసుకుంటుంది, 11,000 సార్లు ప్రయత్నిస్తే దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. ఫర్మ్‌వేర్‌కు, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు, అప్‌డేట్ ఉంటే చేయమను.

పైవాటా పిల్లలకు వైఫై లేదని చెప్పడం నీకు చేతకాదని తెలుసు. చెప్పొద్దు కూడా, వాళ్ల చదువులకు కావాలి. చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఉంటుంది, అది వాళ్లకు ఇవ్వమను. మన ఫోన్లు, దుకాణం కంప్యూటర్ వాళ్ల కంటబడవు.

కొత్త పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి అమ్మ బీరువాలో పెట్టండి. అప్పటిదాకా డబ్బులు పంపేటప్పుడు వైఫై ఆపి ఫోన్ డేటా వాడు నాయనా. పని అయ్యాక నాకొక మిస్డ్ కాల్ ఇయ్యి, అర్ధరాత్రయినా సరే.

నీ బిడ్డ