అందరికీ ఫుల్ అడ్మిన్ ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఓటీపీ చెప్పకండి, లింకులు నొక్కకండి అని మీ పేపర్లో రోజూ రాస్తున్నారు, మంచిదే. కానీ ఆఫీసుల్లో సర్వర్ల వెనకాల కూర్చునే మాలాంటి అడ్మిన్లకి, అంటే సిస్టమ్స్ నడిపే వాళ్ళకి, ఎంత పవర్ ఇచ్చారో, ఎందుకిచ్చారో ఎవరూ అడగట్లేదు. నేను హైదరాబాద్‌లో డేటా సెంటర్ నెట్‌వర్క్ చూసే పనిలో ఉన్నా, అందుకే ఈ ఉత్తరం.

ఒకప్పుడు నెట్‌వర్క్‌లో ఏదైనా మార్చాలంటే సర్వర్లుండే ర్యాక్ దగ్గరికెళ్ళి కేబుల్ పీకాలి, లేదంటే కంప్యూటర్లని కలిపే ఒక్కో స్విచ్‌లోకి లాగిన్ అవ్వాలి, తప్పు జరిగితే ఆ ఫ్లోరో ఆ బ్రాంచో పడిపోయేది, అంతే. ఇప్పుడు వీఎంవేర్ కంపెనీ ఎన్ఎస్ఎక్స్ లాంటి నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్లు వచ్చాక స్విచ్చులు, రౌటర్లు, ఏది వదలాలో ఏది ఆపాలో చూసే ఫైర్‌వాల్ అన్నీ సాఫ్ట్‌వేరే, బ్రౌజర్లో ఒక్క స్క్రీన్ మీంచి మొత్తం మార్చెయ్యొచ్చు. ఫైర్‌వాల్లో అన్నిటికంటే కింద ఉండే డిఫాల్ట్ రూల్‌ని (వేరే ఏ రూలూ వర్తించనప్పుడు పనిచేసేది) అలో (వదిలెయ్) నుంచి డ్రాప్ (ఆపెయ్)‌కి మార్చి పబ్లిష్ కొట్టారనుకోండి, పైన సరైన రూల్ లేని సర్వర్లన్నీ ఒకేసారి మూగబోతాయి. ఈ సర్వర్లన్నిటినీ నడిపే వీసెంటర్‌ని, ఫైర్‌వాల్ ముట్టుకోని ఎక్స్‌క్లూజన్ లిస్టులో పెట్టకపోతే అదీ పోతుంది, అప్పుడిక రాత్రంతా జాగారమే.

ఇది తెలిసే ఆ సాఫ్ట్‌వేర్‌లోనే రకరకాల రోల్స్, అంటే ఎవరేం చెయ్యొచ్చో చెప్పే పాత్రలు, పెట్టారు. ఆడిటర్ రోల్ అయితే చూడ్డమే, ఏదీ ముట్టుకోలేరు. నెట్‌వర్క్ పనికొకటి, సెక్యూరిటీకొకటి, సర్వర్ల మధ్య పని పంచే లోడ్ బ్యాలన్సర్‌కొకటి, బయట్నుంచి భద్రంగా కలిసే వీపీఎన్‌కొకటి, అన్నిటిమీదా అన్నీ చెయ్యగల ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్. పనికి ఎంత కావాలో అంతే ఇవ్వాలి అన్నది కొత్త మాటేం కాదు, 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు రాసిపెట్టారు. కానీ జరిగేదేంటంటే అందరికీ ఎంటర్‌ప్రైజ్ అడ్మినే. మేనేజర్ గారు ఏడాదిలో ఒక్కసారి కూడా లాగిన్ అవ్వరు, కానీ ఆయనకి తక్కువ రోల్ ఇస్తే "ఏం, నా మీద నమ్మకం లేదా" అని మొహం మాడ్చుకుంటారు, అడ్మిన్ అంటే మనదగ్గర హోదా అయిపోయింది మరి. వారం పనికొచ్చిన వెండర్ (బయటి కంపెనీ) కుర్రాడి అకౌంట్ అతను ఆ కంపెనీ మానేసినా బతికే ఉంటుంది. బ్యాకప్ స్క్రిప్టుకి కూడా ఫుల్ పవరే, ఎందుకంటే తక్కువిస్తే ఎక్కడ ఆగుతుందో వెతికే ఓపిక ఎవరికుంది.

2022 జనవరిలో హైదరాబాద్‌లోనే ఏపీ మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కొట్టేశారు, గుర్తుందా. ఉద్యోగులకి వచ్చిన ఫిషింగ్ మెయిల్‌తో లోపలికొచ్చారని, సూపర్ యూజర్లు, అంటే ఫుల్ పవర్ ఉన్నవాళ్ళు, అవసరానికి మించి ఉన్నారని పోలీసులు చెప్పారు, తర్వాత 2023లో ఆర్బీఐ 65 లక్షల ఫైన్ వేసింది. వర్చువలైజేషన్‌లో (ఒకే మెషీన్ మీద చాలా సర్వర్లు నడిపే పద్ధతిలో) అయితే ఇంకా విచిత్రం, వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ పాత వెర్షన్లలో సర్వర్‌ని యాక్టివ్ డైరెక్టరీకి (ఆఫీసు యూజర్ల లిస్టుకి) కలిపి ఉంటే, 'ఈఎస్ఎక్స్ అడ్మిన్స్' అనే పేరుతో గ్రూపు ఉంటే చాలు, అందులో ఉన్నవాళ్ళంతా ఫుల్ అడ్మిన్లే అయిపోయేవాళ్ళు, ఆ గ్రూపు నిన్న ఎవడో దొంగ చేసుకున్నదైనా సరే! ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ ముఠాలు దీన్ని వాడుకుంటున్నాయని 2024 జులైలో మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది.

అర్ధరాత్రి ఎమర్జెన్సీ వస్తే అప్రూవల్ కోసం ఎవర్ని లేపుతాం అంటారు. అది నిజమైన ఇబ్బందే, కాదనను. దానికోసం ఫుల్ పవర్ ఉన్న అకౌంట్ ఒకటి విడిగా పెట్టి, పాస్‌వర్డ్ సీల్ చేసి ఉంచాలి, తీసినప్పుడు ఇద్దరికి తెలియాలి, పనయ్యాక మార్చెయ్యాలి. అంతేగానీ ఆ పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో తిరగడమేంటి? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోపు వాళ్ళకి చెప్పాలి, 180 రోజుల లాగ్స్ (ఎవరెప్పుడు ఏం చేశారో రికార్డు) ఉంచాలి. బానే ఉంది, కానీ అందరూ 'అడ్మిన్' అనే ఒక్క పేరుతోనే లాగిన్ అయితే ఆ లాగ్స్ చూసి ఎవరు చేశారో ఏం చెప్తాం?

కోఆపరేటివ్ బ్యాంకుల్లో సభ్యులైన పాఠకులు చాలామందే ఉంటారు. ఈసారి మహాసభకి వెళ్తే డివిడెండ్ ఎంత అనేదానితో పాటు ఇంకోటి కూడా అడగండి సార్, మన బ్యాంకు సిస్టమ్స్‌లో ఫుల్ అడ్మిన్ పవర్ ఎంతమందికుంది, వాళ్ళలో ఉద్యోగం మానేసినవాళ్ళు ఎంతమంది, ఆ లిస్టు చివరిసారి ఎప్పుడు చూశారు అని.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ అడ్మిన్, హైదరాబాద్